ముందు ఎవరి తలుపు తట్టిన్రు? శామీర్‌పేట, మార్లవాయి, మన ప్రాజెక్టులు

పోస్టు పొడుగ్గానే ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

పీజీ ప్రాజెక్టుల కాలం వచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊర్లు తీసుకున్నోళ్లు మనలో కొందరున్నరు. రావల్కోల్ తీసుకున్న ఒక చెల్లె అడిగింది: "అన్నా, ప్రశ్నలన్నీ రాసుకున్న. కానీ మాట్లాడేటోళ్లను ఎట్ల కుదుర్చుకోవాలె?" దానికి ఇంకొకరు, "సర్పంచ్‌ను కలువు, ఆయనే మనుషుల్ని చూపిస్తడు" అని జవాబు పెట్టిన్రు. సర్పంచ్‌ను కలవడం మర్యాదే, కలవాలె కూడా. కానీ "ఆయనే చూపిస్తడు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయిన. ఆ మాట వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. అందులో ఒక ముఖ్యమైన భాగం రావల్కోల్ పక్కన శామీర్‌పేటలోనే జరిగింది.

పరిశోధకుడు ఊర్లోకి వచ్చి ముందు ఎవరి తలుపు తడితే, ఆ ఊరి చరిత్ర ఆ గడప మీద నుంచే కనబడతది. మన ఇండ్లు ఊరి చివర ఉంటయి కాబట్టి చాలాసార్లు మనది ఆఖరి తలుపు అయింది. కొన్నిసార్లు తట్టని తలుపు కూడా.

శామీర్‌పేట సంగతి చూద్దాం. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక సోషల్ సర్వీస్ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టు పెట్టి ఈ ఊరికి వచ్చిన్రు. అందులో సామాజిక అధ్యయనం పని చూసినాయన శ్యామాచరణ్ దూబే. ఆయన తెలుగువాడు కాదు, ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు నుంచి వచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పేటోడు. ఆయన అంతకుముందు పని చేసింది ఆదివాసీల దగ్గరనే. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పోడు చేసుకునే కమార్ తెగ మీద ఆయన రాసిన పుస్తకం 1951లో వచ్చింది. శామీర్‌పేట మీద చేసిన పని 1955లో "ఇండియన్ విలేజ్" పేరుతో ఇంగ్లీషు పుస్తకమయింది. స్వతంత్రం వచ్చినంక భారతదేశంలో ఒకే ఊరిని తీసుకొని పూర్తిగా రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. ప్రపంచంలో ఎక్కడెక్కడో సోషియాలజీ చదివే పిల్లలు శామీర్‌పేట పేరు అట్ల నేర్చుకున్నరు. మేడ్చల్ బస్సెక్కే మనకే చాలామందికి ఈ సంగతి తెల్వదు.

ఆ ఏడాది ఎటువంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది, దాని కింద రక్షిత కౌలుదారుల లెక్కలు రాయడం మొదలయింది. 1951 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు. ఏప్రిల్‌లో వినోబా పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన్రు. అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. ఆ తర్వాత చలికాలంలో మొదటి సాధారణ ఎన్నికలు. అంటే ఒకటి రెండేండ్లలోనే తెలంగాణ పల్లెలకు పోలీసులు, పట్వారీ మనుషులు, లెక్కలోళ్లు, ఓట్లోళ్లు అందరూ కాగితాలు పట్టుకొని వచ్చిన్రు. అట్లాంటి సమయంలో ఎవరో కొత్త మనిషి నోటుబుక్కు తెరిచి "నువ్వు ఎవరి భూమి దున్నుతున్నవ్?" అని అడిగితే, కూలి మనిషి ఏం చెప్తడు? నిజం చెప్తే భూమి పోవచ్చు, భూమి రావచ్చు కూడా. దొరకు తెలిస్తే ఇంకోటి జరగొచ్చు. అది ఇంటర్వ్యూ ప్రశ్న కాదు, ఆ మనిషి బతుకు మీద ప్రశ్న.

ఉస్మానియా జట్టు తెలివైన పని ఒకటి చేసింది. వాళ్లు నోటుబుక్కులతోనే రాలేదు. వైద్యం, పశువైద్యం, వ్యవసాయం, విద్య చదివినోళ్లను కూడా వెంట తెచ్చుకున్నరు. ఊరోళ్లకు మందులిచ్చిన్రు, పశువులను చూసిన్రు, పంటల గురించి సలహా చెప్పిన్రు. జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకొచ్చిన తల్లి డాక్టరుతో మాట్లాడుతది, ఎద్దుకు బాగలేని రైతు పశువుల డాక్టరుతో మాట్లాడుతడు. మాటలు అక్కడ మొదలయితయి. ఇంటర్వ్యూకు మనిషి కుదిరేది ఫారం చూసి కాదు, ఈ మనిషి మనకు కీడు చేసేటోడు కాదు అన్న నమ్మకం కలిగినంకనే. ఇప్పటి మన ఎం.ఏ. పిల్లలకు మందులిచ్చే స్తోమత లేకపోవచ్చు. పింఛన్ ఫారం నింపి పెట్టడం, ఆధార్‌లో పేరు తప్పు ఎట్ల దిద్దించుకోవాలో చెప్పడం, పిల్లల హాస్టల్ సీటు గురించి చెప్పడం మాత్రం వస్తది కదా. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. సాయం చేసిన మనిషి అడిగితే కాదనడం కష్టం. మందిచ్చినోడు ప్రశ్న అడిగినప్పుడు వచ్చిన జవాబు ఎంతవరకు ఇష్టంతో వచ్చింది, ఎంతవరకు మొహమాటంతో వచ్చింది? ఈ లెక్క ఏ పుస్తకమూ తేల్చలేదు.

దూబే శామీర్‌పేట కులాల వరుస రాసిన్రు. బ్రాహ్మణ, కోమటి, రెడ్డి దగ్గర మొదలుపెట్టి ముత్తరాసి, గొల్ల, కుమ్మరి, సాలె, గౌండ్ల, చాకలి, మంగలి ఇట్ల పోయి పోయి కింద వడ్డెర, ఎరుకల, పిచ్చగుంట్ల, మాల, మాదిగ దాకా. దేశ్‌ముఖ్ గురించి, ఊరి పెద్దల గురించి, పంచాయితీల గురించి ఆ పుస్తకంలో చాలా ఉన్నది. ఎరుకలోళ్ల గురించి ఉన్నది తక్కువ. తప్పు దూబేది ఒక్కడిదే అని నేను అనను. అప్పుడు ఊరంటే అర్థమే దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీ. ఎవరొచ్చినా వాళ్ల అరుగు మీద కూర్చోకుండా ఊర్లోకి పోయే దారి లేదు. మైసూరు దగ్గర రాంపుర అనే ఊర్లో 1948లో ఉన్న ఎం.ఎన్. శ్రీనివాస్ కూడా ఊరి పెద్ద ఆసరాతోనే ఉన్నరు. తాను ఆ ఊరిని పెద్ద కులపోళ్ల వైపు నుంచే ఎక్కువ చూసిన అని తర్వాత ఆయనే ఒప్పుకున్నరు. ఆ ఒప్పుకోలు నాకు నచ్చింది, చాలామంది అది కూడా చెయ్యలేదు.

ఎరుకల అనంగనే ఇంకో సంగతి చెప్పాలె. 1950లో హైదరాబాద్ రాష్ట్రానికి ఇచ్చిన షెడ్యూల్డు తెగల జాబితాలో ఎరుకలోళ్లు లేరు, లంబాడోళ్లు లేరు. గోండు, కోయ, కొలాం, చెంచు, తోటి లాంటి పేర్లే ఉన్నయి. తెలంగాణలో ఎరుకల, లంబాడీలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది 1976 సవరణ చట్టంతో. అంటే దూబే జట్టు శామీర్‌పేటలో ఉన్నప్పుడు ఎరుకలాయన కాగితం మీద "గిరిజనుడు" కాదు, ఊరి చివర ఒక కులపోడు, అంతే.

ఇంకా కష్టమైన సంగతి ఇది. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చిన్రు. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలోళ్ల మీద ఆ చట్టం పడ్డది, కొన్నిచోట్ల సుగాలీల మీద కూడా. పుట్టిన కులమే నేరం. పేరు రాయించుకోవాలె, వేలిముద్ర ఇయ్యాలె, ఊరు దాటితే చెప్పి పోవాలె, హాజరు పలకాలె. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టంతోనే పుట్టినయి. ఆ చట్టాన్ని దేశమంతటా ఎత్తేసింది 1952 ఆగస్టు 31న, అంటే శామీర్‌పేట ప్రాజెక్టు జరిగిన ఆ రోజుల్లోనే. ఇప్పుడు చెప్పండి. "నీ పేరేంది, ఎక్కడి నుంచి వచ్చినవ్, ఇంట్ల ఎంతమంది, ఏం పని చేస్తవ్?" ఇవి మన ప్రశ్నల పత్రంలో మొదటి నాలుగు ప్రశ్నలు. ఇవే పోలీసు రిజిస్టర్‌లో కూడా మొదటి నాలుగు ప్రశ్నలు. మన ముసలోళ్లు కొత్త మనిషిని చూసి నోరు కట్టేసుకుంటే "సహకరించలేదు" అని రిపోర్టులో రాస్తరు. వాళ్లకు ఎందుకు మాట్లాడబుద్ధి కాలేదో రాయరు.

ఇదేదో తెలంగాణకే పరిమితమైన సంగతి కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసిండు. ముక్కు పొడుగు, తల చుట్టుకొలత కొలిచే పరికరాలు పట్టుకొని తిరిగినాయన. ఆయనను చూసి వయనాడ్‌లో పణియ ఆడోళ్లు ఉరికిపోయిన్రట. తమలో మంచి మనుషుల్ని ఏరి, పొట్టు కూరి మ్యూజియంలో నిలబెడతడని వాళ్ల భయం. ఈ సంగతి ఆయనే తన పుస్తకం ముందుమాటలో తమాషాగా చెప్పుకున్నడు. నాకు మాత్రం ఆ ఆడోళ్లు ఆయనను సరిగ్గానే అర్థం చేసుకున్నరు అనిపిస్తది.

ఇక రెండో రకం దారి. ఊరి పెద్ద అరుగు మీద కాకుండా మన మధ్యనే వచ్చి కూర్చున్న మనిషి. హైమెండార్ఫ్ పేరు ఆదిలాబాద్ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. ఆస్ట్రియా దేశపు మనిషి. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకోవడంతో ఆయనది జర్మన్ పాస్‌పోర్టు అయింది. రెండో ప్రపంచయుద్ధం రాంగనే బ్రిటిష్ వాళ్లకు శత్రుదేశస్థుడు అయిండు. అట్ల హైదరాబాద్ రాష్ట్రం దాటి పోయే వీలు లేక, ఆ రాష్ట్రంలోనే అడవులు పట్టుకొని తిరిగిండు. 1940లో నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర. 1940లోనే జోడేఘాట్‌లో కొమురం భీంను చంపిన్రు. ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు కూడా ఉండె, అందుకే ఈయన పనికి తలుపులు తెరుచుకున్నయి. ఇది మరువొద్దు. ఆయన వచ్చింది కూడా సర్కారు కాగితంతోనే.

కానీ వచ్చినంక ఆయన, ఆయన భార్య బెట్టీ చేసింది వేరు. మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నరు. గోండి నేర్చుకున్నరు. గోండుల చరిత్ర కోసం తాలూకా ఆఫీసుకు పోలేదు, ప్రధానుల దగ్గర కూర్చున్నరు. గోండుల వంశకథలు తరతరాలుగా కింగ్రి మీద పాడేది ప్రధానులే అని ఇక్కడ ఉన్నోళ్లందరికీ తెలుసు. "ఈ ఊర్లో పెద్ద ఎవరు?" అని కాకుండా "ఈ మాటలు ఎవరి దగ్గర భద్రంగా ఉన్నయి?" అని అడిగినందుకు వచ్చిన ఫలితం అది. 1943లో మార్లవాయిలో గోండి టీచర్ల శిక్షణ మొదలయిందంటే అదంతా ఈ కూర్చోవడం నుంచే వచ్చింది. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది. భార్య చేసిన పనికి పుస్తకం అట్ట మీద పేరు పడేది తక్కువే. ఆడోళ్ల గుడిసెల్లోకి మగ పరిశోధకుడు ఒక్కడే పోలేడు కదా. దూబే భార్య లీలా దూబే కూడా స్వయంగా పెద్ద పరిశోధకురాలు, గోండు స్త్రీల మీద పీహెచ్‌డీ చేసినామె.

ఆడోళ్ల మాట వచ్చింది కాబట్టి మూడో సంగతి. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుస్తకాలు చాలానే ఉండె, ఎక్కువ నాయకులు రాసుకున్నవి. 1980లలో హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన అనే బృందం ఆ పోరాటంలో ఉన్న ఆడోళ్లను వెతికి వెతికి మాట్లాడించింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ఇంకా పేరు బయటికి రాని ఎంతోమంది. "మనకు తెలియని మన చరిత్ర" అని 1986లో తెలుగులో వచ్చింది, 1989లో ఇంగ్లీషులోకి పోయింది. అదే పోరాటం, అవే ఊర్లు. అడిగిన మనిషి మారంగనే చరిత్ర మారింది. తుపాకీ సంగతే కాదు, అజ్ఞాతంలో కాన్పులు, వదిలిపెట్టిన పిల్లలు, పోరాటం అయిపోయినంక "ఇంటికి పోండి" అన్న మాట, అవన్నీ బయటికి వచ్చినయి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడ్డ ధర్మాపురం జాటోత్ ఠాను నాయక్ పేరు మనం సభల్లో చెప్పుకుంటం. ఆ తండాలో ఆ రోజుల్లో నీళ్లు మోసిన, గింజలు దాచిన, దెబ్బలు తిన్న యాడీల మాటలు రికార్డు చేసినోళ్లు మన గ్రూపులో ఎంతమంది ఉన్నరు?

ఇప్పుడు పక్కోళ్ల మాటే "అవును" అయిపోతే ఏమయితదో చూడండి. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా మీద ఒక అధ్యయనం జరిగింది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన్రు. సుమారు 14,000 మంది పిల్లలు, అందులో ఆశ్రమ పాఠశాలల మన పిల్లలు చాలామంది. 2010 ఏప్రిల్‌లో ఆపేసిన్రు. టీకా సంగతి నేను మాట్లాడుతలేను, ఆ టీకాను ఇయ్యాల ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేస్తది. నేను మాట్లాడేది సంతకం గురించి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో, చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నయని ఉన్నది. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాయిన అడవిలో ఉన్నరు, పిల్ల హాస్టల్లో ఉన్నది, వార్డెన్ దగ్గర పెన్ను ఉన్నది. అయిపోయింది.

మీ ప్రాజెక్టు సూది కాదు, మాటలే అని అంటరు. నిజమే. కానీ దారి అదే. సర్పంచ్ పిలిస్తే వచ్చి మీ ముందు కూర్చున్న కూలామె, తన ఇష్టంతో వచ్చిందో పింఛన్ ఆగుతదేమో అని వచ్చిందో మీకెట్ల తెలుస్తది? ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నీతి నియమాల్లో కూడా, గిరిజన ప్రాంతాల్లో పెద్దమనిషి అనుమతి తీసుకున్నా అది ఒక్కొక్క మనిషి సొంత అంగీకారానికి బదులు కాదని ఉన్నది. క్లాసులో "స్నోబాల్" అని నేర్పిస్తరు, ఒకరితో మాట్లాడి ఆయన చూపించిన ఇంకొకరి దగ్గరికి పోవడం. మంచి పద్ధతే. కాకపోతే ఆ మంచుముద్ద ఎక్కడ దొర్లడం మొదలుపెడితే ఆ వాడలోనే దొర్లుతది. సర్పంచ్ ఇంటి దగ్గర మొదలయితే సర్పంచ్ బంధువులు, స్నేహితుల దగ్గర ఆగుతది. ఎరుకలోళ్ల గుడిసెల దాకా రాదు.

రావల్కోల్ వైపు పోయే చెల్లెకు కొన్ని మాటలు. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష తోటలు, ఇప్పుడు రింగ్ రోడ్డు, వెంచర్లు, కంపెనీలు. భూమి ధర ఆకాశంలో ఉన్నది. కాబట్టి 1951లో ఎట్లనో ఇప్పుడూ అట్లనే, భూమి గురించి అడిగే కొత్త మనిషి అంటే అనుమానం. నిన్ను రియల్ ఎస్టేట్ మనిషి అనుకుంటరు, లేదా సర్వే మనిషి అనుకుంటరు. మొదటి రోజు భూమి అడగకు. మొదటి రోజు ఫోన్ల రికార్డింగు కూడా పెట్టకు. పంచాయతీ ఆఫీసులో నువ్వెవరో, ఏ కాలేజో చెప్పి, ఉత్తరం చూపించి, నమస్తే పెట్టి బయటికి రా. "మనుషుల్ని నేనే కలుస్త సార్, మీకు శ్రమెందుకు" అను. ఆ తర్వాత ఊరి ఈ చివర, ఆ చివర రెండు చోట్ల, ఒకరికొకరు సంబంధం లేని ఇండ్ల దగ్గర మొదలుపెట్టు. కూలికి పోయేటోళ్లను పగలు ఆపకు, గంట ఆగితే వాళ్లకు కూలి పోతది. పొద్దుగూకినంక, పొయ్యి మీద కూడు ఉడికేటప్పుడు ఆడోళ్లు మంచిగ మాట్లాడుతరు. కొడుకు పక్కన కూర్చుంటే అత్త ఒకటి చెప్తది, కొడుకు లేనప్పుడు ఇంకోటి చెప్తది, రెండూ రాసుకో. ఆడోళ్లతో మాట్లాడేందుకు మన చెల్లెళ్లకే వీలెక్కువ, మగపిల్లలు తోడు తీసుకపోండి. ఇంట్ల గోర్ బోలి నడిస్తే గోర్ బోలిలోనే అడుగు, తెలుగులో అడిగితే తెలుగు జవాబే వస్తది. ఎవరన్నా వద్దు అంటే మంచినీళ్లు తాగి లేచిరా. ఎందుకు వద్దన్నరో మాత్రం నోటుబుక్కులో రాసుకో, ఒక్కోసారి అదే అసలు చాప్టర్ అయితది.

ఇంకొక పని ఉన్నది, ఇది ఈ ఏడాదే కావాలె. దూబే జట్టు శామీర్‌పేటలో తిరిగినప్పుడు పదేండ్ల పిల్ల ఉన్నదంటే ఇప్పుడు ఆమెకు ఎనభై దాటినయి. శామీర్‌పేటలో, చుట్టుపక్కల ఊర్లలో అట్లాంటి అవ్వలు, తాతలు ఇంకా కొందరుంటరు. వాళ్లను కనుక్కొని అడగండి: ఉస్మానియా నుంచి డాక్టర్లు, పిల్లలు వచ్చిన్రట కదా, మీకు యాదికి ఉన్నదా? మీ ఇంటికి వచ్చిన్రా, మిమ్ముల వాళ్ల దగ్గరికి పిలిపించిన్రా? ఎవరు పిలిచిన్రు? ఏం అడిగిన్రు, మీ నాయిన ఏం చెప్పిండు, ఏం చెప్పలేదు? ఎవరన్నా రికార్డు చేస్తే గ్రూపులో పెట్టే ముందు ఆ అవ్వనే ఒకసారి అడిగి పెట్టండి.